మారథాన్: ఊరి పేరు పరుగు పేరైన తీరు

ప్రాచీన గ్రీకు భాషలో దూరపు పరుగును చెప్పే మాటలకు కొదవ లేదు. ఒలింపియా క్రీడల్లో అన్నిటికంటే పొడవైన పరుగును డోలిఖోస్ అనేవారు. క్రీ.పూ. 720లో దాన్ని పోటీల్లో చేర్చారని గ్రీకుల సంప్రదాయ గణన. స్టేడియం ఒక కొస నుంచి ఇంకో కొసకు ఇరవై, ఇరవై నాలుగు నిడివులు తిరిగితే పందెం పూర్తయ్యేది. మన లెక్కలో అది ఐదు కిలోమీటర్ల లోపే. డోలిఖోస్ అంటే పొడవైనది అని అర్థం. ఈ మాటా, సంస్కృతం నుంచి మనం రోజూ వాడుకునే 'దీర్ఘ' శబ్దమూ ఒకే మూలం నుంచి పుట్టిన జ్ఞాతులు. పోటీ కోసం కాకుండా ఉద్యోగంగా పరుగెత్తే వార్తాహరులకు ఇంకో పేరుండేది. వాళ్లు హెమెరోడ్రోమోలు. హెమెరా అంటే పగలు, డ్రోమోస్ అంటే పరుగు. ఏరోడ్రోమ్‌లోనూ సిండ్రోమ్‌లోనూ వినపడేది ఈ డ్రోమోసే. సంస్కృతంలో పరుగెత్తడమనే అర్థమున్న 'ద్రమ్' ధాతువు దానికి చుట్టం.

ఇన్ని మాటలుండగా ప్రపంచం దూరపు పరుగుకు పెట్టుకున్న పేరు వీటిలో ఏదీ కాదు. మారథాన్ ఒక ఊరి పేరు. ఆ పేరులో పరుగూ లేదు, దూరమూ లేదు. అది పరుగు పేరు కావడానికి దాదాపు రెండువేల నాలుగు వందల ఏళ్లు పట్టింది. మాటల అర్థాలు సాధారణంగా జనం నోళ్లలో నాని, ఎప్పుడు మారాయో తెలియకుండా మారతాయి. మారథాన్ సంగతి అలా కాదు. ఎవరు ఏ దశలో ఏ అర్థం చేర్చారో దాదాపు పేరుపేరునా చెప్పవచ్చు. ఆ వరుస చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. మారథాన్‌లో పర్షియా మీద గెలిచిన వార్త చెప్పడానికి ఒక సైనికుడు ఏథెన్స్ దాకా పరుగెత్తి ప్రాణం వదిలాడన్న కట్టుకథను ఈ మాట మోస్తోంది, నిజంగా పరుగెత్తిన మనిషి శ్రమను మాత్రం వదిలేసింది.

ముందు ఊరి సంగతి. ఏథెన్స్‌కు ఈశాన్యాన, సముద్రపు ఒడ్డున ఉన్న మైదానం మారథాన్. గ్రీకులో మరథోస్ అంటే సోంపు మొక్క. ఒక మొక్క గుంపులుగా పెరిగే చోటును చెప్పడానికి గ్రీకులో దీర్ఘమైన '-ఓన్' ప్రత్యయం చేరుతుంది. అంపెలోస్ అంటే ద్రాక్ష తీగ, అంపెలోన్ అంటే ద్రాక్షతోట. అలాగే మరథోన్ అంటే సోంపు పెరిగే నేల. చింతలపూడి, మర్రిపాడు, తాడేపల్లి లాంటి ఊళ్ల పేర్లు పలికే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మైసీనీ అనే ప్రాచీన గ్రీకు నగరంలో దొరికిన, లీనియర్ బి అనే పాత గ్రీకు లిపిలో రాసిన మట్టి పలకల్లో సుగంధ ద్రవ్యాల పద్దుల మధ్య 'మ-ర-తు-వో' అనే మాట ఉంది. అది ఈ సోంపే. అంటే క్రీ.పూ. 490 నాటి మారథాన్ యుద్ధానికి సుమారు ఏడు వందల ఏళ్ల ముందే ఆ మాట కోట లెక్కల్లోకి ఎక్కింది. మూలంలో అది గ్రీకు మాటే కాదని, గ్రీకు మాట్లాడేవాళ్లు రాకముందు అక్కడున్న జనం భాషలోనిదని చాలామంది పండితుల అభిప్రాయం.

తెలుగు లిపి గురించి ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఈ మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చింది కాబట్టి మొదటి అక్షరానికి దీర్ఘమిచ్చి 'మారథాన్' అంటున్నాం. అసలు గ్రీకులో 'మ' హ్రస్వం, చివరి 'థో' దీర్ఘం. కానీ మధ్యలోని హల్లు విషయంలో తెలుగు రాత ఇంగ్లీషు పలుకుబడి కంటే పాత గ్రీకుకే దగ్గరగా ఉంది. ఇంగ్లీషువాళ్లు ఆ హల్లును నాలుకను పళ్ల మధ్య ఉంచి ఊదినట్టు పలుకుతారు. యుద్ధం జరిగిన కాలంలో ఏథెన్స్‌లో అది ఒత్తు 'థ'. గ్రీకు పలుకుబడి ఊదే ధ్వనిగా మారింది ఆ తర్వాతే. రథంలోని 'థ' పలికినట్టు మారథాన్ పలికితే, ఆ యుద్ధంలో ఏథెన్స్ సేనాని అయిన మిల్టియాడీస్ సైనికుడికి ఆ అక్షరం వరకైనా సరిగ్గా అందేది.

క్రీ.పూ. 490లో పర్షియా సేన ఆ మైదానంలో దిగింది. డాటిస్, అర్టఫెర్నీస్ దానికి నాయకులు. ఎదురు నిలిచినవాళ్లు ఏథెన్స్ పౌరులు, వాళ్లతో పాటు ప్లాటియా అనే చిన్న పట్టణం నుంచి వచ్చినవాళ్లు. గ్రీకుల పక్షాన మొత్తం పదివేల మంది ఉంటారని సాధారణంగా లెక్క కడతారు. ఏథెన్స్ గెలిచింది. పర్షియన్లు 6,400 మంది, ఏథెన్స్ వాళ్లు 192 మంది చనిపోయారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ 192 మందిని అక్కడే ఖననం చేసి పోసిన మట్టిదిబ్బ ఇప్పటికీ మైదానంలో ఉంది.

ఈ యుద్ధానికి మన చేతిలో ఉన్న అత్యంత ప్రాచీన కథనం హెరొడోటస్‌ది. యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లకు పుట్టినవాడు, అందులో పాల్గొన్నవాళ్ల తరాన్ని చూసి ఉండదగినవాడు. ఆయన కథనంలో ఒక పరుగు ఉంది. అయితే అది మారథాన్ నుంచి ఏథెన్స్‌కు కాదు. పర్షియన్లు దిగారన్న వార్త అందగానే ఏథెన్స్ సేనానులు ఒక హెమెరోడ్రోమోస్‌ను స్పార్టా అనే మరో గ్రీకు నగరరాజ్యానికి పంపారు. అతని పేరు కొన్ని రాతప్రతుల్లో ఫీడిప్పిడీస్, మరికొన్నిటిలో ఫిలిప్పిడీస్. మొదటి పేరులో గుర్రాలను పొదుపుగా వాడేవాడన్న అర్థం ధ్వనిస్తుంది, రెండోదానిలో గుర్రాలంటే ఇష్టమున్నవాడని. ఇది అతని వృత్తి అని హెరొడోటస్ స్పష్టంగానే చెప్పాడు. ఏథెన్స్ వదిలిన మర్నాటికల్లా అతను స్పార్టాలో ఉన్నాడు. ఆ దారి దాదాపు 240 కిలోమీటర్లు. ఎక్కువ భాగం కొండదారే.

స్పార్టా పెద్దల ముందు నిలబడి అతను సాయం అడిగాడు. వాళ్లు రాబోమని అనలేదు. కానీ అది నెల మొదలైన తొమ్మిదో రోజు, మన లెక్కలో శుద్ధ నవమి లాంటిది. పున్నమి రాకుండా దండు కదలడం తమ ఆచారానికి విరుద్ధమన్నారు. అతను ఆ జవాబు మోసుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. టెగియా పట్టణానికి పైనున్న పార్థేనియన్ కొండ మీద పాన్ దేవుడు అతన్ని పేరు పెట్టి పిలిచాడట. మీ ఏథెన్స్ వాళ్లకు నేను ఇంత మేలు చేస్తుంటే నన్నెందుకు పట్టించుకోరని అడిగాడట. ఏథెన్స్ వాళ్లు అతని మాట నమ్మారు. గెలిచాక తమ నగరపు కోటకొండ అక్రోపోలిస్ కింద పాన్‌కు గుడి కట్టి, ఏటా బలులు, కాగడాల పరుగు జరిపించారు. అంటే ఈ వార్తాహరుడి ప్రయాణానికి గుర్తుగా ఏథెన్స్‌లో ఒక పరుగు పందెం అప్పుడే మొదలైంది. అది నలభై కిలోమీటర్ల పరుగు కాదు, దానికి మారథాన్ అన్న పేరూ లేదు.

పున్నమి దాటాక రెండు వేల మంది స్పార్టా సైనికులు మూడు రోజుల్లో ఏథెన్స్ ఉన్న అట్టికా ప్రాంతం చేరారు. అప్పటికే యుద్ధం అయిపోయింది. మారథాన్‌కు వెళ్లి, పడి ఉన్న పర్షియన్ల శవాలను చూసి, ఏథెన్స్‌ను మెచ్చుకుని వెళ్లిపోయారు. ఇక విజయవార్త మోసుకుని ఒంటరిగా పరుగెత్తి చనిపోయిన సైనికుడి ప్రస్తావన హెరొడోటస్‌లో ఒక్క ముక్క కూడా లేదు. ఆయన చెప్పింది వేరు. ఓడిన పర్షియన్ ఓడలు తీరం చుట్టి వచ్చి ఖాళీగా ఉన్న ఏథెన్స్ మీద పడతాయన్న భయంతో సైన్యం మొత్తం వీలైనంత వేగంగా నగరానికి తిరిగొచ్చింది. ఓడలు ఫలేరన్ రేవు దగ్గరికొచ్చి చూసి వెనుదిరిగాయి. యుద్ధం చేసి అలసిన వేలమంది, కవచాలు మోసుకుంటూ నలభై కిలోమీటర్లు నడిచి మళ్లీ బారులు తీరడం ఎంత పెద్ద విషయం! మారథాన్ నుంచి ఏథెన్స్‌కు చరిత్రలో నిలబడే పరుగు ఏదైనా ఉంటే అది ఇదే. చెప్పుకునే కథలో మాత్రం వేలమందికి బదులు ఒక్కడే మిగిలాడు.

ఆ ఒక్కడు ఎప్పుడు ప్రవేశించాడు? క్రీ.శ. తొలి శతాబ్దాల్లో రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ ఏథెన్స్ కీర్తి గురించిన వ్యాసంలో ఈ కథ చెప్పాడు. క్రీ.పూ. నాలుగో శతాబ్దానికి చెందిన హెరాక్లీడీస్ ప్రకారం ఆ మనిషి థెర్సిప్పస్ అని, ఎక్కువమంది మాత్రం యూక్లీస్ అంటారని రాశాడు. యుద్ధం వేడి చల్లారకముందే కవచంతో పరుగెత్తి, పెద్దల గుమ్మంలో పడి, గెలిచామని చెప్పి ప్రాణం వదిలాడట. ప్లూటార్క్ తర్వాత రెండో శతాబ్దంలో లూషియన్ అనే వ్యంగ్య రచయిత అదే కథను ఫిలిప్పిడీస్ పేరు మీద చెప్పాడు. అంటే స్పార్టాకు వెళ్లిన వార్తాహరుడి పేరు, ఏథెన్స్‌లో కూలిన సైనికుడి కథ కలిసి మనకు దొరికే మొదటి చోటు యుద్ధం జరిగిన ఆరు వందల ఏళ్ల తర్వాతిది.

లూషియన్ ఈ కథ చెప్పిన సందర్భం గమనించదగ్గది. ఆయన రాస్తున్నది పరుగు గురించి కాదు, యుద్ధం గురించీ కాదు. పొద్దున్నే ఒక పెద్దమనిషికి అభివాదం చేస్తూ తప్పు మాట వాడినందుకు సంజాయిషీ రాస్తున్నాడు. పొద్దుటిపూట 'ఖైరే' అనాలి, అంటే సంతోషించు అని. లూషియన్ నోరు జారి సాయంకాలం చెప్పే, ఆరోగ్యంగా ఉండు అనే మాట అన్నాడట. అందుకని ఆ పలకరింపుల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ, ఖైరే అన్న మాటను శుభవార్తతో కలిపి మొదట వాడినవాడు మారథాన్ నుంచి వచ్చిన ఫిలిప్పిడీస్ అంటారని ఉదాహరణగా చెప్పాడు. 'ఖైరెటె, నికోమెన్' అన్నాడట ఆ మనిషి. సంతోషించండి, గెలిచాం అని. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే ఆ చివరి మాట మనకు చేరింది ఒక పలకరింపు మీద రాసిన చిన్న వ్యాసం పుణ్యాన.

రోజుకు నూరు కిలోమీటర్లకు పైగా పరుగెత్తే వృత్తి ఉన్న మనిషి నలభై కిలోమీటర్లకే ప్రాణం వదిలాడనడం మామూలు తర్కానికి నిలవదు. ఆ వృత్తి ఎలాంటిదో తెలిపే రాతిసాక్ష్యం కూడా ఉంది. ఒలింపియాలో దొరికిన ఒక శాసనం ఫిలోనిడీస్ అనే వ్యక్తిది. అలెగ్జాండర్ రాజుకు హెమెరోడ్రోమోస్, ఆసియాకు బెమటిస్ట్ అని అతని హోదాలు అందులో చెక్కి ఉన్నాయి. బెమటిస్ట్ అంటే అడుగులు లెక్కపెట్టి దూరాలు కొలిచేవాడు. అలెగ్జాండర్ దండు తూర్పుకు కదులుతుంటే మజిలీకీ మజిలీకీ మధ్య దూరాలు నమోదు చేసింది ఇలాంటివాళ్లే. కాళ్లు తెలిసినవాడికి నేల కొలత తెలుస్తుంది కాబట్టి రెండు పనులూ ఒకరే చేయడం సహజం. ఫిలోనిడీస్ తన పరుగు ఉద్యోగాన్ని గర్వంగా రాతి మీద చెక్కించుకున్నాడు. అందులో చావు లేదు, వీరమరణం లేదు. సమర్థంగా చేసిన పని ఉంది.

మన దగ్గరా వార్తల పరుగు వృత్తిగా ఉండేది, భాషలో దాని జాడ మిగిలింది. తపాలా మోసేవాళ్లు మారే మజిలీని తెలుగులో అంచె అనేవారు. ఒకరు ఒక అంచె దాకా వెళ్తే అక్కణ్నుంచి ఇంకొకరు అందుకునేవారు. ఎవరైనా మెట్టుమెట్టుగా పైకొస్తే 'అంచెలంచెలుగా ఎదిగాడు' అనడం ఇప్పటికీ మన వాడుక. కన్నడంలో తపాలాను నేటికీ అంచె అనే అంటారు. ఒకే మనిషి దారంతా పరుగెత్తి కూలిపోవడం కంటే పనిని అంచెలుగా పంచుకోవడమే ఈ వృత్తి అసలు స్వభావం.

మళ్లీ మారథాన్ దగ్గరికి వద్దాం. 1879లో ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ 'ఫీడిప్పిడీస్' అనే కవిత ప్రచురించాడు. అందులో హెరొడోటస్ చెప్పిన స్పార్టా ప్రయాణమూ, పాన్ దర్శనమూ, ప్లూటార్క్, లూషియన్‌లు చెప్పిన మరణమూ ఒకే మనిషి జీవితంలో వరుస ఘటనలయ్యాయి. మారథాన్ మైదానాన్ని సోంపు చేనుగానే వర్ణించాడు కాబట్టి ఆ ఊరి పేరుకు అర్థమేమిటో బ్రౌనింగ్‌కు బాగా తెలుసు. ఇవాళ పిల్లల పుస్తకాల్లోనూ, జీకే పుస్తకాల్లోనూ కనిపించే కథ ఈ అతుకుల కథే.

ఆ కథను పందెంగా మార్చినవాడు క్రీడాకారుడు కాదు, భాషాశాస్త్రవేత్త. మిషెల్ బ్రేయాల్ పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో తులనాత్మక వ్యాకరణం బోధించేవాడు. బెర్లిన్‌లో జర్మన్ పండితులు బాప్, వెబర్‌ల దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. బాప్ రాసిన తులనాత్మక వ్యాకరణాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. మాటల అర్థాలు ఎలా పుడతాయి, ఎలా మారతాయన్న అధ్యయనానికి 1883లో 'సెమాంటిక్' అని పేరు పెట్టింది ఆయనే. మన డిగ్రీ తెలుగు విద్యార్థులు భాషాశాస్త్రం పాఠంలో అర్థవ్యాప్తి, అర్థసంకోచం అని చదువుకునే విభాగానికి యూరప్‌లో పునాది వేసినవాళ్లలో ఆయన ప్రముఖుడు. 1894లో పియేర్ ద కూబెర్తాన్ పారిస్‌లో సమావేశం పెట్టి ఒలింపిక్స్‌ను తిరిగి మొదలుపెట్టే ప్రయత్నంలో ఉన్నప్పుడు, ఏథెన్స్‌లో క్రీడలు జరిగితే మారథాన్ నుంచి నగరం దాకా ఒక పరుగు పెట్టమని బ్రేయాల్ సూచించాడు. మారథాన్ యోధుడి పరుగును తిరిగి నడిపిస్తే గెలిచినవాడికి తానే కప్పు ఇస్తానని కూబెర్తాన్‌కు ఉత్తరం రాశాడు. ప్రాచీన ఒలింపిక్స్‌లో ఇలాంటి పందెం ఎన్నడూ లేదు. ఐదు కిలోమీటర్లు దాటని డోలిఖోస్‌కు ఇది ఎనిమిది రెట్లు. అయినా పాత క్రీడలను బతికిస్తున్నామనే ఉత్సాహంలో ఈ కొత్త పందెమే అన్నిటికంటే పాతదిగా తోచింది.

అర్థాలు మారే తీరును జీవితమంతా గమనించిన మనిషి ఒక మాట అర్థాన్ని తన చేతులతో మార్చడం భాషా చరిత్రలో అరుదైన సంగతి. బ్రేయాల్ ఉత్తరం రాసే ముందు మారథాన్ అంటే ఊరు, యుద్ధం. రెండేళ్లలో అది పందెం. ఆయన అర్థవిజ్ఞానం మీద రాసిన ముఖ్య గ్రంథం 1897లో వచ్చింది. అంటే ఆ పుస్తకం కంటే ఏడాది ముందే ఈ కొత్త అర్థం లోకంలోకి వచ్చేసింది.

1896 ఏప్రిల్ 10న పదిహేడు మంది మారథాన్ వంతెన దగ్గర బయల్దేరారు. దూరం సుమారు నలభై కిలోమీటర్లు. మొదట ముందున్న ఫ్రాన్స్ పరుగువీరుడు లెర్ముజియో, ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లాక్ దారిలోనే ఆగిపోయారు. ఏథెన్స్ పక్కనే ఉన్న మరూసి గ్రామంవాడు స్పిరిడోన్ లూయిస్ 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో పాలరాతి స్టేడియంలోకి వచ్చాడు. ఏథెన్స్‌కు నీళ్లు మోసే పని అతనిది. గ్రీకు రాకుమారులిద్దరు సంతోషం పట్టలేక అతని పక్కనే చివరి గజాలు పరుగెత్తారు. బ్రేయాల్ ఇచ్చిన వెండి కప్పు లూయిస్ కుటుంబం దగ్గరే తరతరాలు ఉండి, 2012లో లండన్ వేలంలో ఐదు లక్షల పౌండ్లకు పైగా పలికింది. గ్రీకు భాష లూయిస్‌కు ఇంకో బహుమతి కూడా ఇచ్చింది. ఎవరైనా కంటికి కనబడకుండా ఉడాయిస్తే గ్రీకులు 'లూయిస్ అయ్యాడు' అంటారు. ప్రపంచ భాషలన్నీ ఊరి పేరు తీసుకుంటే, ఆ ఊరు ఉన్న దేశపు భాష మనిషి పేరును కూడా మాటగా మార్చుకుంది. నిజంగా పరుగెత్తి గెలిచిన మనిషి పేరును.

మరుసటి ఏడాదే అమెరికాలోని బోస్టన్‌లో ఇరవై నాలుగున్నర మైళ్ల పందెం మొదలైంది. అప్పటికి మారథాన్ అంటే ఇంత దూరమని నియమం లేదు. పాతిక మైళ్లు అటూ ఇటూ ఉంటే చాలు. 1908లో లండన్ ఒలింపిక్స్‌కు పందెం విండ్సర్ కోట ఆవరణలో మొదలై, 26 మైళ్లు దాటి స్టేడియం చేరి, లోపల రాజకుటుంబం కూర్చునే చోటు ఎదుట ముగిసేలా ఇంకో 385 గజాలు సాగింది. ఇటలీవాడు డొరాండో పియెట్రి ఆ చివరి గజాల్లోనే పదేపదే కూలాడు. అధికారులు లేపి గీత దాటించినందుకు పతకం పోగొట్టుకున్నాడు. జానీ హేస్ గెలిచాడు. 1912లో స్టాక్‌హోమ్‌లో మళ్లీ నలభై చిల్లర, 1920లో ఆంట్‌వర్ప్‌లో 42.75 కిలోమీటర్లు. చివరికి 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య లండన్ కొలతనే ఖాయం చేసింది. పోటీ పరీక్షలకు తయారయ్యే ప్రతి విద్యార్థీ బట్టీ పట్టే '26 మైళ్ల 385 గజాలు', అంటే 42.195 కిలోమీటర్లు, గ్రీసు నేల మీద ఎవరూ కొలిచింది కాదు. పేరు ఒక దేశానిది, కొలత ఇంకో దేశానిది.

కొలత స్థిరపడుతున్న కాలంలోనే అర్థం అదుపు తప్పింది. పియెట్రి ఉదంతం తర్వాత అమెరికాలో మారథాన్ పిచ్చి పట్టుకుంది. 1923లో ఆల్మా కమింగ్స్ అనే మహిళ న్యూయార్క్‌లో ఇరవై ఏడు గంటలు ఆగకుండా నాట్యం చేశాక డాన్స్ మారథాన్లు ఊరూరా పుట్టుకొచ్చాయి. అక్కడితో మాటకు కాళ్లతో పని లేకుండా పోయింది. ఎక్కువసేపు సాగేది ఏదైనా మారథానే. ఆ తర్వాత మాటను విరిచి తోకను వాడుకోవడం మొదలైంది. గంటల తరబడి టీవీలో విరాళాలు అడిగే కార్యక్రమం టెలిథాన్ అయింది, నడక వాకథాన్ అయింది, 1990ల చివర ప్రోగ్రామర్లు హ్యాకథాన్ పుట్టించారు. గ్రీకు వ్యాకరణం ప్రకారం మాట 'మరథ్' దగ్గర విరగాలి, '-ఓన్' మాత్రమే ప్రత్యయం. ఇంగ్లీషు వాడుక 'మార్'ను వదిలేసి 'అథాన్'ను పట్టుకుంది. సోంపు మొక్కలోంచి సగం విరిచి దానికి ఓపిక అనే అర్థం అంటగట్టినట్టయింది.

ఈ 'అథాన్'ను డెకథ్లాన్, ట్రయాథ్లాన్‌లలోని 'అథ్లాన్'తో కలిపేయడం మామూలైపోయింది. రెండూ వేరు. అథ్లోన్ అంటే పోటీ, పోటీ బహుమతి. అథ్లెట్ అన్న మాటకు మూలమదే. డెకథ్లాన్ అంటే పది పోటీలు, అందులోని 'డెకా' మన దశ. మారథాన్‌లో పోటీ అన్న అర్థమిచ్చే ముక్కే లేదు. ట్రయాథ్లాన్‌లోని 'ల'కారాన్ని మింగేసి ట్రయథాన్ అని పలికేవాళ్లకు ఈ పోలికే కారణం.

తెలుగులో ఈ మాట రెండు దారుల్లోనూ నడుస్తోంది. ప్రభుత్వంతో ఉద్యోగ సంఘాలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే పత్రికల్లో అవి మారథాన్ చర్చలు. ఐదు కిలోమీటర్ల అవగాహన పరుగు జరిగితే దానికి 5కే మారథాన్ అని బ్యానర్. ఏటా ఆగస్టు చివర్లో హైదరాబాద్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు ఇది చివుక్కుమనిపిస్తుంది. అందుకే వాళ్లు తమ మధ్య మాట్లాడుకునేటప్పుడు హాఫ్, ఫుల్ అంటారు. 'ఈసారి ఫుల్ చేస్తున్నావా?' అని అడుగుతారు. ఫుల్ మారథాన్ అన్న మాట తెలుగు భాషకు బాగా తెలిసిన మార్పునే చూపిస్తుంది. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. అర్థం వ్యాపించి వేరుసెనగ నుంచి తీసినదీ, కొబ్బరి నుంచి తీసినదీ నూనే అయ్యాక, అసలుదాన్ని నువ్వుల నూనె అని విడిగా చెప్పాల్సి వచ్చింది. మారథాన్ కూడా అలాగే అన్నిటికీ పేరైపోయి, అసలు మారథాన్‌కు ముందొక విశేషణం తగిలించుకుంది. 5కే బ్యానర్ రాసినవాళ్లను తప్పుపట్టడంలో అర్థం లేదు. భాష ఇలాగే నడుస్తుంది. అయితే శిక్షణ లేనివాళ్లు పేరు చూసి దూరాన్ని తేలిగ్గా అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ప్రకటనల్లో కిలోమీటర్లు ఎన్నో పెద్దక్షరాల్లో రాయడం మంచిది.

ఊరి పేరు తన పాత అర్థాన్ని అంతటా మరిచిపోలేదు. 1974లో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో మారథాన్ పందెం లేదు. ఇరాన్‌కు ఆ పేరు తమ పూర్వీకుల ఓటమిని గుర్తుచేసేది కావడమే కారణమని క్రీడాచరిత్రలో తరచూ చెబుతారు. మిగతా ప్రపంచానికి కిలోమీటర్ల లెక్కగా మిగిలిన మాట అక్కడ ఇంకా యుద్ధభూమే.

ఇక స్పార్టాకు వెళ్లిన ఆ వార్తాహరుడి దారికి పేరు దొరకడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిటిష్ వాయుసేన అధికారి జాన్ ఫోడెన్ హెరొడోటస్ చదివి, ఒక మనిషి మర్నాటికల్లా స్పార్టా చేరడం సాధ్యమేనా అని పరీక్షించాలనుకున్నాడు. 1982లో సహచరులతో కలిసి ఏథెన్స్ నుంచి బయల్దేరాడు. ఆయనతో సహా ముగ్గురు గమ్యం చేరారు. మరుసటి ఏడాది నుంచి అది స్పార్టథ్లాన్ పేరుతో ఏటేటా జరిగే పందెమైంది, దూరం 246 కిలోమీటర్లు. ఇందులో ఉన్నది పోటీ అనే అర్థమున్న అసలైన 'అథ్లోన్'. 1983లో తొలి పందెం గెలిచిన గ్రీకు పరుగువీరుడు యానిస్ కూరోస్ 22 గంటల లోపే స్పార్టా చేరాడు. పందెంలో పాల్గొనేవాళ్లకు ఇచ్చే గడువు 36 గంటలు. ఏథెన్స్ వదిలిన మర్నాటికల్లా చేరాడని హెరొడోటస్ రాసిన ఆ ఒక్క వాక్యమే ఈ గడువుకు ఆధారం.